తీసెయ్యమన్న చుక్కలు

జనవరి 18

కుప్పం నుంచి ఇప్పుడే దిగాను. ఒళ్ళంతా బస్సు దుమ్ము. చేతులకు ఇంకా టమోటా వాసన. గైడు గారింటికి మదనపల్లె మార్కెట్ నుంచి ఒక బాక్సు మోసుకుపోవడం ఏడేళ్ళుగా నా రీసెర్చిలో భాగం. ఆయన భార్య ఒక్కో కాయా నొక్కి చూసి "ఈ తూరి మెత్తగుండాయే గ్రేసమ్మా" అంటుంది. నేను పళ్ళికిలిస్తాను. ఇంటికొచ్చాక ఆ ఇకిలింపు గుర్తొస్తే నా మీద నాకే రోత.

సారు రిటైరై సొంతూళ్ళో ఇల్లు కట్టుకున్నారు. నా థీసిస్ మీద సంతకం మాత్రం ఇప్పటికీ ఆయనదే.

అసలు సంగతి – ఇవాళ నా చుక్కల కొలతల పట్టిక తిరగేశారు. వేలు మైనస్ గుర్తుల దగ్గర ఆగింది.

"ఇదేందమ్మా? దూరానికి మైనస్సా? ఎవురన్నా సూస్తే నవ్విపోతారు. ఈ వరసలు తీసెయ్."

అది దూరం కాదు సార్, కొలత... అనబోయాను.

"మార్కెట్లో మచ్చకాయలు ఏరి పారెయ్యరా? అట్లే. తీసెయ్."

ఛీ. చుక్కలు మచ్చకాయలా!

జనవరి 20

పుంగనూరు కాలేజీలో నా క్లాసు. ఫస్టియర్‌ వాళ్ళకు పారలాక్స్. బొటనవేలు ముఖం ముందు పెట్టుకోండి, ఒక కన్ను మూయండి, ఇప్పుడు రెండోది. వేలు బోర్డు మీద అటూ ఇటూ గెంతుతుంది. చెయ్యి చాపితే గెంతు తగ్గుతుంది. అంతే – భూమి జనవరిలో సూర్యుడికి ఒక పక్క, జూలైలో రెండో పక్క. దగ్గరి చుక్క ఎక్కువ గెంతినట్టు కనిపిస్తుంది, దూరపుది తక్కువ. ఆ గెంతు కొలిస్తే దూరం తెలుస్తుంది. పిల్లలంతా ఒంటికన్నుతో వేళ్ళు చూసుకుంటుంటే నవ్వొచ్చింది. ఈ వారంలో వచ్చిన ఒకే ఒక్క నవ్వు.

నేను పట్టుకున్న చుక్కల గుంపు మరీ దూరం. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు కొలిచినా, వాటి గెంతు కన్నా కొలతలోని వణుకే పెద్దది. అందుకే కొన్ని వెనక్కి గెంతినట్టు వస్తాయి. మైనస్ అంటే అదే. ఖాళీ తక్కెడ కూడా గాలికి ఇటూ అటూ ఊగుతుంది. అటు ఊగినవి కొట్టేసి ఇటు ఊగినవి మాత్రమే రాసుకుంటే ఖాళీ తక్కెడకీ బరువొస్తుంది. ఇది సారుకు తెలియదా? ప్రొఫెసరుగా రిటైరైన మనిషికి?

పాపం, ముసలితనం అనుకోవాలి కాబోలు.

జనవరి 25

చర్చి నుంచి వచ్చి, ఊరికే, చూద్దామని తీసేసి చూశాను. మైనస్ వరసలు పోగానే సగటు గెంతు పెరిగి, గుంపు మొత్తం మన వైపు జరిగింది. ఎంత దగ్గరికి? సరిగ్గా సారు ఎప్పుడో తన పేపర్లో వేసిన దూరానికి.

ఓహో. ఇదన్నమాట.

గ్రాఫు మాత్రం ముచ్చటగా ఉంది. ఒక్క చుక్క కూడా గీత దాటలేదు.

అవన్నీ ఒక గుంపువని తేల్చడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది. ఒక్కొక్కదాని నడక చూసి – ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోతున్నవాటిని కలిపి, దారిలో అడ్డమొచ్చినవాటిని వేరుచేసి. మైనస్ వచ్చినవీ మిగతావాటితో కలిసి నడుస్తున్నవే. వాటిని తోసెయ్యాలట, ఈయన పాత లెక్క పరువు కోసం.

జనవరి 26

ఇవాళ అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 2

కరస్పాండెంటు పిలిపించాడు. వేళ్ళ నిండా రంగురాళ్ళు.

"జూన్‌లో కాలేజీ తెరిసేలోపల పీహెచ్‌డీ వస్తే పర్మనెంటు మేడం. ల్యాకపోతే వేరేవాళ్ళను సూసుకుంటాము. నన్ను అనుకోగూడదు." సరే అని లేస్తుంటే – "మీది నక్షత్రాల సబ్జెక్టే గదా. నాది రోహిణి. ఎట్లుండాదో రోంత సూసి సెప్పండి."

అరవై అయిదు కాంతి సంవత్సరాల దూరంలో ఉంది సార్, అన్నాను.

"అంటే మంచిదేనా?"

కర్మ. నా ఉద్యోగం ఈ మనిషి చేతిలో.

ఇంటికొచ్చి ప్రభుదాసుకు అంతా చెప్పాను. అన్నం కలుపుకుంటూనే అన్నాడు: "సారు సెప్పినట్టు సేసెయ్. పట్టా వచ్చినాక నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో. ఆ చుక్కల్ని లెక్కపెట్టను ఎవురొస్తారు?" నా మొగుడు చెడ్డవాడు కాదు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది.

ఫిబ్రవరి 8

మళ్ళీ కుప్పం. రేపు సారుకు కంటి ఆపరేషను, బెంగుళూరులో. అందుకని థీసిస్ సర్టిఫికెట్ పేజీల మీద ముందే సంతకాలు పెట్టేశారు. "ఆ వరసలు తీసేసి బైండు సేయించి ఇచ్చెయ్. మళ్ళా నాకు సూపించే పనిల్యా."

ఉండబట్టలేక అడిగేశాను. తీసేస్తే సగటు తప్పుతుంది కదా సార్, గుంపు లేనంత దగ్గరికి వచ్చేస్తుంది కదా.

నవ్వాడు.

"నాకు తెలీదనుకుంటివా? నువ్వు బళ్ళో సేరకముందు నుంచీ తెలుసు. మా గైడు తీసెయ్యమన్యాడు, నేను తీసేస్తిని. యేం పాయె? చుక్కలేమన్నా కోర్టుకు పోయినాయా?"

తెలియక చెప్తున్నాడని ఇన్నాళ్ళూ జాలిపడ్డానే! తెలిసే. అన్నీ తెలిసే. థూ. ఇక ఈ డైరీలో ఆయనకు 'అన్నారు'లు లేవు, 'అన్నాడు' చాలు.

బస్సులో నోరంతా చేదు.

ఫిబ్రవరి 13

బైండింగ్ అయిపోయింది. యూనివర్సిటీకి పంపేశాను.

ఒక్క వరస కూడా తీయలేదు. మైనస్సులతో సహా అన్నీ ఉన్నాయి. ఎందుకు తీయకూడదో ఒక అధ్యాయమే రాశాను. ముందు పేజీలో ఆయన సంతకం.

ధైర్యం అని రాసుకోను. ఆ ముచ్చటైన గ్రాఫు కింద నా పేరు చూసుకోలేకపోయాను, అంతే. ప్రభుదాసుకు ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 15

అత్త చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పింది. "మా కోడలు చుక్కలను కొలిసి పెద్ద బుక్కు రాసినాది. దేవునికి స్తోత్రం." అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. సారు ఆ బుక్కు తెరిచిన రోజు ఏమవుతుందో... తల వంచుకుని పాటల పుస్తకం తిప్పుతూ కూర్చున్నాను.

మార్చి 10

ఫోను మోగితే గుండె జారుతోంది.

మే 4

మోగింది. సారే.

"పరీక్షకుల రిపోర్టులు వచ్చినాయి గ్రేసమ్మా. అప్పుడు తెరిసి సూసినా నీ థీసిస్‌ను. నువ్వు వరసలు తీయలా."

ఏడేళ్ళూ గంగలో కలిశాయనుకున్నాను.

"బయట నుంచి దిద్దినాయన దాన్నే మెచ్చుకున్యాడు. మైనస్సులు దాచిపెట్టకుండా ఇంత నిజాయితీగా సేసినోళ్ళు తక్కువంట. గైడుకు అభినందనలు అని ప్రత్యేకంగా రాసినాడు." అదే ఊపులో – "మంచి పని సేయిస్తిని గదా నీతో!"

సేయిస్తిని. విన్నావా, సేయిస్తినట!

ఆయన నన్ను నాలుగు తిట్టి ఫోను పెట్టేసి ఉంటే ఎంత బాగుండేది. తిట్లకైతే నా దగ్గర జవాబుంది.

మే 17

ఇక్కడే, మదనపల్లెలో సైన్సు సభ. ముఖ్య అతిథి ఎవరు? ఇంకెవరు. తెర మీద నా గ్రాఫులు. రంగులు కూడా మార్చలేదు మహానుభావుడు.

"మైనస్ వచ్చిందని కొలతను పారెయ్యగూడదు. నా స్టూడెంట్లకు మొదటిరోజే సెప్తా ఈ మాట. నా పాత లెక్క తప్పని నేనే దిద్దుకున్యా. సైంటిస్టంటే అట్లుండాల."

సొమ్మొకడిది సోకొకడిది. హాలంతా చప్పట్లు. నా పక్కన ప్రభుదాసు కూడా కొట్టాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచింది. "ఆ తప్పును మొదట పట్టుకున్నది ఎవురు సార్?"

ఆయన తడుముకోలేదు. నవ్వుతూ నా వైపు చెయ్యి చూపించాడు. "మా గ్రేసమ్మ ఆడనే కూసోనుండాది. ఆయమ్మనే అడగండి."

మైకు చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. వైవా ఇరవై తొమ్మిదిన. బోర్డులో ఈయన ఉంటాడు. ఈయన ఔనంటేనే పట్టా.

"సారే," అన్నాను.

మళ్ళీ చప్పట్లు. ఈసారి నాకు కూడా.

మే 18

ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. అడిగింది పరాయి మనిషి, అడిగింది మర్యాదగా. నిజం చెప్పడానికి ఒక పేరు చాలు, అదీ నా పేరే. నోరు రాలేదు. ఆయన మీద ఉమ్మడానికి కూడా ఇప్పుడు నాకు అర్హత లేదు. ఇంత చదువూ చదివి!

ప్రభుదాసు టీ పెట్టి తెచ్చాడు. తాగలేక పారబోశాను.

మే 28

రేపు వైవా. మెచ్చుకున్న పరీక్షకుడే వస్తున్నాడట. మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు – ఈ వరసలు ఉంచాలని ఎవరికి తోచింది? పక్క కుర్చీలో సారు ఉంటాడు, నవ్వుతూ.

ప్రభుదాసు నా చీర ఇస్త్రీ చేస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు, "రేపు ఏం సెప్తావు?"

అద్దం ముందు నిలబడి రెండు జవాబులూ చెప్పి చూసుకున్నాను. 'నాకే' అనేటప్పుడు గొంతు వణుకుతోంది. 'సారుకే' మాత్రం ఎక్కడా తడబడకుండా వస్తోంది...