పచ్చరంగు పూసిన గల్లీ

మార్చి 9, సోమవారం

నేను చేసిన వెబ్ పేజీ నెట్‌లోకి ఎక్కించి పది రోజులు. ఎనిమిది కాలనీల నీళ్ల మ్యాప్. నీళ్లు వస్తున్నాయో లేదో జనం ఫోన్‌లో ఫారం నింపుతారు, దాన్నిబట్టి గల్లీకి రంగు పడుతుంది. ఎరుపంటే కటకట, పసుపంటే ఫరవాలేదు, పచ్చంటే నిశ్చింత. మల్కాజ్‌గిరి మొత్తం కాదు, మా ఎనిమిది కాలనీలే. అయితేనేం.

కాలనీల సంఘం ట్యాంకర్లు రెండూ ఇప్పుడు దీన్ని చూసే తిరుగుతున్నాయట. సెక్రటరీ ప్రభాకర్ గారు ఫోన్ చేసి మరీ చెప్పారు. "ఇన్నాళ్లు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల ఇంటికే పోయేదమ్మా బండి. ఇగ నీ లెక్కే లెక్క."

రోజంతా గణాంకాల ఆఫీసులో ధరల పట్టికలు ముందేసుకుని కూర్చున్నా మనసు ఇక్కడే. ఎం.ఏ. నాటి నుంచీ ఇదే నా పిచ్చి. అంకెలు రిపోర్టుల్లో మగ్గిపోకూడదు, ఎవరికో ఒకరికి పనికిరావాలి.

మార్చి 12

అమ్మ — "ఆ మ్యాప్ వంక చూసినట్టు నా మొహం వంక ఓసారి చూడవే..." చూశాను. మళ్లీ మ్యాప్ చూశాను.

మార్చి 17

ఇస్త్రీ సత్తెమ్మ రెండు రోజులుగా బట్టలు ఇవ్వలేదు. ఇస్త్రీ బండి మా గేటు పక్కనే ఉంది, మనిషి లేదు. అమ్మ విసుగు. రేపు ఆఫీసుకి ఏం వేసుకోవాలో.

మార్చి 18

వచ్చింది. ఏమైందంటే — "నీళ్ల కాడ్నే పొద్దు పోతుంది బిడ్డా. మా గల్లీకి ట్యాంకర్ బంద్ అయింది. రైలు పట్టాల అవుతల నల్లా ఉంది గద, గాడికి పోతున్నం." ఎప్పట్నుంచి? "పది, పదిహేను దినాలాయె. ఎందుకో ఎవ్వరు చెప్తలేరు."

ఫారం నింపమన్నాను. నా ఫోన్ తీసి చూపించాను కూడా. నవ్వింది. "గివన్నీ మాకేడ సమజైతయ్."

మ్యాప్‌లో చూస్తే వాళ్ల గల్లీ పచ్చ. పచ్చగా ఉన్నచోట నీళ్ల బాధేమిటి? ట్యాంకర్ డ్రైవర్ ఎగ్గొడుతున్నాడు, అంతే. ప్రభాకర్ గారికి కాస్త ఘాటుగానే మెసేజ్ పెట్టాను.

మార్చి 19

జవాబొచ్చింది. "ఆ గల్లీ మీ పేజీల పచ్చగుందమ్మా. అందుకే ఆ ట్రిప్పులు తీసి ఎర్ర గల్లీలకు ఇచ్చినం." చివర దణ్ణం బొమ్మ.

మార్చి 20

కోడ్ తెరిచాను. వెతకాల్సిన పని లేదు, ఏ లైనో నాకు తెలుసు.

పేజీ ఎక్కించే ముందు ఆ గల్లీ నుంచి ఒక్క ఫారం కూడా రాలేదు. మ్యాప్‌లో అక్కడ తెల్లటి చిల్లు. చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఖాళీ ఉంటే సున్నా వేసెయ్యమని ఒక్క లైను రాశాను. సున్నా ఫిర్యాదులు... పచ్చ. చిల్లు పూడింది. ఆ పూట ఎంత ముచ్చటపడ్డానో!

జవాబివ్వనివాళ్లంతా బాగున్నట్టు అనుకోకండని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పింది నేనే. పాఠం గురువారం, ఈ లైను శుక్రవారం. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

లైను తీసేశాను. గల్లీ తెల్లబడింది.

మార్చి 21

ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. "కోడ్‌లో చిన్న ఇష్యూ ఉందండీ, సరిచేశాను." చిన్న ఇష్యూ! తప్పు నాది అనడానికి నోరు పెగల్లేదు.

"తెల్లగుంటే ఏందమ్మా అర్థం? నీళ్లు కావాల్నా, వద్దా?"

తెలీదని అర్థమండీ.

"తెల్వదంటే ట్రిప్పు ఎట్ల వేస్తం? ఎర్రగ చెయ్యి, వేస్తం."

ఎరుపు పూయడం నా చేతిలో పనే. పూయలేదు. ఒకసారి ఊహించి రంగు వేసిందానికే ఇదంతా. లెక్క పక్కాగా తీస్తాను, 29వ తారీకు సంఘం మీటింగ్‌లో పెడతాను అన్నాను.

మార్చి 23

ఇంటింటి సర్వేకి ప్రశ్నలు తయారు. పదహారు వచ్చాయి. ఆరుకి తేవాలి. ఏ ఇంటితో మొదలుపెట్టాలి, ఏ వేళకి వెళ్లాలి... పద్ధతిగా చెయ్యాలి ఈసారి.

మార్చి 24

నాలుగో ప్రశ్న ఇంకా కుదరడం లేదు.

మార్చి 25

సత్తెమ్మ పడిపోయింది. పొద్దున బిందెతో పట్టాలు దాటుతుంటే కంకర మీద కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. ఆ సమయానికి రైలేదీ రాలేదు, అదొక్కటే అదృష్టం. అమ్మ చెప్పింది. బండి మీద గోనెపట్టా కప్పి ఉంది.

నేనప్పుడు నాలుగో ప్రశ్న దిద్దుతున్నాను. నా మీద నాకే అసహ్యం.

మార్చి 26

రైలు వచ్చుంటే...

మార్చి 27

సెలవు పెట్టాను. ఒక నోటు పుస్తకం, పెన్ను. ఆరు ప్రశ్నలూ ఇంట్లోనే వదిలేశాను. ముప్పై ఒక్క ఇళ్లు. నీళ్లెక్కడ పట్టుకుంటున్నారు అని ఒక్కటే అడిగాను. ముప్పై ఇళ్లవాళ్లు పట్టాల అవతలకే చెయ్యి చూపించారు. ఒక ఇంటికి తాళం. తాళం అనే రాశాను.

ఆడవాళ్లు చుట్టూ చేరారు. "సోమారం వస్తదా మేడమ్, ట్యాంకర్?" వస్తుంది అనేశాను. ఏ ధైర్యంతో అన్నానో.

సత్తెమ్మ మంచం మీద కూర్చునుంది, చేతికి కట్టు. మ్యాపూ, రంగులూ, నేను వేసిన సున్నా... అన్నీ చెప్పాను. మీ ట్యాంకర్ ఆగింది నావల్లే అన్నాను. తిడితే బాగుండును. కట్టు అంచు సర్దుకుంటూ అంది —

"ఫోన్ల అడిగినవంట, మిషిన్ల అడిగినవంట. నన్నడగొచ్చు గద బిడ్డా? రోజు మీ గేటు కాడ్నే ఉంట గద."

వచ్చేస్తుంటే వెనక నుంచి — "మీ బట్టలు బండిల ఉన్నయ్, అమ్మను తీస్కపొమ్మను." ఏడుపొచ్చింది. గల్లీ చివరిదాకా ఆపుకున్నాను.

మార్చి 28

అమ్మ ఇస్త్రీ చెయ్యని బట్టలు తెచ్చి కుర్చీలో పెట్టింది. ఏమైనా అంటుందేమో అని రోజంతా చూశాను.

మార్చి 29, ఆదివారం

మీటింగ్. పాతిక మంది. లేచి చెప్పాను. తప్పు నాది, కోడ్‌ది కాదు, ఆ గల్లీ గురించి తెలియకుండానే పచ్చరంగు వేశాను. నోటు పుస్తకం అందరి చేతుల్లోకీ తిరిగింది.

వెనక నుంచి ఎవరో — "మరి మిగతా రంగులు నమ్మేదెట్ల?" న్యాయమైన ప్రశ్న. ప్రతి గల్లీకీ నడిచి వెళ్లి చూస్తానన్నాను.

ప్రభాకర్ గారు కసురుకోలేదు. నన్ను పక్కకి పిలిచారు. "సత్తెమ్మ గల్లీకి ఇద్దాం, అడ్డు లేదు. కని ట్యాంకర్లు రెండే గదమ్మా. ఎండలు చూస్తున్నవ్. ఒక గల్లీకి ఇయ్యాలంటే ఇంకో గల్లీది తియ్యాలె. ఏ గల్లీదో నువ్వే చెప్పు, పొద్దున ఎనిమిదింటికి డ్రైవర్‌కు చెప్త."

మీరే చెప్పండి అన్నాను.

"నేను చెప్తే మా గల్లీ మీదికి రానిస్తనా?" నవ్వుతూనే అన్నారు.

మార్చి 30, సోమవారం

ఆరున్నర. మ్యాప్ తెరవలేదు. నోటు పుస్తకం పట్టుకుని, ట్రిప్పు తియ్యగలిగేది ఇక్కడేమో చూద్దామని, దగ్గర్లో ఉన్న ఎర్ర గల్లీకి వెళ్లాను. మొదటి ఇల్లు. తలుపు తీసినావిడ నిండు గర్భిణి, వెనకాల ఖాళీ బిందెలు వరసగా. పేరడిగాను, చెప్పింది. రాసుకున్నాను.

"ఇయ్యాల ట్యాంకర్ జెర పెందలాడే పంపుతరా మేడమ్?"

ఏడూ పది. ప్రభాకర్ గారి ఫోన్ వస్తోంది.