చదవడానికి మాత్రమే

బెళ్ళందూరు,
నవంబరు, ఆదివారం.

జరీనా బంగారూ,

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వుకోకు. సాయంత్రమైతే నా ఫోన్ చిన్మయి చేతిలో ఉంటుంది. మెసేజ్ పెడితే దాని కంట పడుతుంది. మాట్లాడదామంటే ఈ ఇంట్లో ఒక గదిలో మాట ఇంకో గదికి వినబడుతుంది. కుందలహళ్ళి పీజీలో ఒకే గదిలో అన్నేళ్ళు ఉన్నాం. నాలో మంచీ చెడ్డా నీకు తెలిసినంత నా మొగుడికి కూడా తెలీదు. ఇప్పుడు రాసేది చెడ్డ సంగతే. కర్నూల్లో మీ స్కూలుకే పంపుతున్నాను. చదివి చించెయ్యి.

ఓంకార్ మొదటి భార్య వనజ గురించి నీకు చెప్పాను కదా. చిన్మయి నాలుగో తరగతిలో ఉండగా జబ్బుచేసి పోయింది. ఒక ఆఫీసు తరఫున ఆనేకల్ పట్టు నేతవాళ్ళకు కంప్యూటర్లో చీరల డిజైన్లు గీసిచ్చేది. మొన్న దీపావళికి అటక దులుపుతుంటే ఆమె హార్డ్ డిస్క్ ఒకటి దొరికింది. చిన్మయి దాన్ని గుండెకు కరుచుకుని కిందికి దిగింది. "అమ్మ నా వీడియోలన్నీ దీంట్లోనే పెట్టేది నాన్నా" అంటూ వాళ్ళ నాన్న ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. ఓంకార్ సరే అని నొక్కబోయాడు. నేను వంటింట్లోంచి చూసి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాను.

"నొక్కితే మొత్తం పోతుంది" అన్నాను.

నా ఉద్యోగమే ఇది కదా. వనజ దగ్గర ఉన్నది మ్యాక్. అది వాళ్ళ ఆఫీసుది, ఆమె పోయాక తిరిగిచ్చేశారు. మ్యాక్ తన డిస్కులో ఫైళ్ళు అమర్చుకునే పద్ధతి వేరు, ఓంకార్ ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ పద్ధతి వేరు. ఒకదాని అమరిక ఇంకోదానికి తెలీదు. తెలియనిదాన్ని పనికిరానిదనుకుని, తుడిచేయమంటారా అని అడుగుతుంది. ఒక సిస్టం రాసిన డిస్కును ఇంకో సిస్టం చదివేలా చేసే ప్రోగ్రాములు రాసి నేను జీతం తీసుకుంటున్నాను. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

"నువ్వు తెరవగలవా పిన్నీ?" అని అడిగింది చిన్మయి. చూస్తానన్నాను.

శనివారం తండ్రీకూతుళ్ళు ఆనేకల్‌లో పెద్దక్క ఇంటికి వెళ్ళారు. పెద్దక్క అంటే మా ఆడబిడ్డ. నేను పనుందని చెప్పి ఆగిపోయాను. రెండు పద్ధతులూ తెలిసిన నా లినక్స్ ల్యాప్‌టాప్‌కి డిస్క్ తగిలించి, చదవడానికి మాత్రమే అన్న పద్ధతిలో తెరిచాను. అలా తెరిస్తే డిస్కులో ఏదీ మారదు, ఎవరో తెరిచి చూశారన్న గుర్తు కూడా మిగలదు. కాఫీ చల్లారేలోపు అంతా తెర మీదికి వచ్చేసింది. ఏదీ పాడవలేదు, అన్నీ ఉన్నాయి. చీరల అంచులు, బుట్టాలు, చిన్మయి పుట్టినరోజులు, ఇంకా ఇంటి వీడియోలు.

ఒకదాంట్లో ఓంకార్ మా బాల్కనీలోనే, ఇప్పుడు నేను బట్టలు ఆరేసే చోటనే నిలబడి, నెత్తిన తువ్వాలు చుట్టుకుని ఏదో పాత సినిమా పాట పాడుతున్నాడు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. ఫోన్ పట్టుకున్న వనజ నవ్వాపుకోలేక బొమ్మంతా ఊగుతోంది. "ఇంక చాలు గాయకా, కింద కుక్కలు చేరినాయి" అంటోంది. అతను ఇంకా గొంతు పెంచి, ఆమెను ఆటపట్టిస్తూ, చివరికి నవ్వలేక గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

జరీనా, నేను పెళ్ళి చేసుకున్న మనిషి మంచివాడు. తిన్నావా అని అడుగుతాడు, నాకు జ్వరమొస్తే సెలవు పెడతాడు. ఒక్కరోజు కూడా కసురుకోలేదు. కానీ పాడలేదు. గోడకానుకుని కూలబడేంతగా నవ్వలేదు. నిమ్మళమైన మనిషి, స్వభావమే అంత అనుకుని సర్దుకున్నాను. స్వభావం కాదట. అదంతా ఇంకొకరికి ఇచ్చేసి, మిగిలింది నా దగ్గరికి తెచ్చాడట. కడుపులో మంట ఎలా లేచిందంటే, పోయినామె మీద కుళ్ళుకోవడం తప్పని నాకు నేను చెప్పుకోను కూడా చెప్పుకోలేదు.

వాళ్ళు తిరిగొచ్చాక చిన్మయి చెప్పులు విడవకుండానే అడిగింది.

"డిస్క్ పాడైపోయిందమ్మా. తెరుచుకోలేదు" అన్నాను.

నా నోటి నుంచి అది ఎంత తేలిగ్గా వచ్చిందో. పిల్ల నా మాట నమ్మింది. ఈ ఇంట్లో ఆ విషయంలో నమ్మదగ్గ మనిషిని నేనే కదా.

నీ గీత.

బెళ్ళందూరు,
డిసెంబరు, రెండో వారం.

జరీనా,

నీ ఉత్తరం అందింది. "తల్లి లేని పిల్ల దగ్గర తల్లి గొంతు దాచిపెట్టావు, నువ్వు మనిషివేనా" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి, చాలాసేపటి తర్వాత మిగతాది చదివాను. నువ్వన్నది నిజమే. కానీ నేనింకా వాళ్ళకు చెప్పలేదు. తిట్టడానికైనా ఇది పూర్తిగా చదువు.

అబద్ధం చెప్పాక మంట చల్లారాలి కదా, పెరిగింది. వారంలో రెండు రోజులు నాకు ఇంటి నుంచే పని. వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళగానే డిస్క్ తీస్తున్నాను. ఎవరో తిడుతుంటే చెవులొగ్గి వినేదానిలా ఒక్కొక్కటే చూస్తున్నాను. వనజ దోసె తిప్పుతూ నడుం మీద చెయ్యి ఎలా పెట్టుకుంటుందో నాకు తెలుసు ఇప్పుడు. చిన్మయి కోపమొస్తే పై పెదవి ముడవడం ఎవరి నుంచి వచ్చిందో తెలుసు. ఆసుపత్రిలో తీసింది కూడా ఒకటుంది. జుట్టంతా పోయి, మాట అందక, అయినా చిన్మయికి ఎక్కాలు అప్పజెప్పమంటోంది. అది చూసి ఏడ్చాను. ఏడ్చిన పది నిమిషాలకే పాట వీడియో మళ్ళీ పెట్టుకుని మళ్ళీ కుళ్ళుకున్నాను. ఇలాంటి మనిషిని నేను.

పోయిన ఆదివారం పెద్దక్క వచ్చింది. ఆవిడ మనసులో ఏమీ ఉండదు, నోటికి మాత్రం అడ్డుండదు. అన్నం తింటూ తమ్ముణ్ణి చూసి, "వనజ ఉన్నప్పుడు వీడు ఎంత నగతా ఉండె. ఇప్పుడు చూడప్పా, మూగోని మాదిరి ఉండాడు" అంది. ఓంకార్ తల ఎత్తలేదు. పెద్దక్కే నా కంచంలో ఇంకో ముద్ద పెట్టి, "నిన్నేం అనలేదమ్మా" అంది. అన్నా బాగుండేది.

ఆ తర్వాత నేను చేసిన పని విను. ఓంకార్ గడ్డం గీసుకుంటూ లోగొంతుకలో ఏదో రాగం తీస్తున్నాడు, చాలా చిన్నగా. తలుపు దగ్గర నిలబడి, వీడియోలో ఆమె అన్నట్టే, ఆ సాగదీతతోనే, "ఇంక చాలు గాయకా" అన్నాను.

అతని చెయ్యి ఆగిపోయింది. అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఆ మాట నీకెక్కడిది?"

"పెద్దక్క చెప్పింది."

సరేనన్నట్టు తలూపాడు. మొహం కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ చిన్న రాగం కూడా పోయింది. ఆమెకు వచ్చింది నాకు రావాలని ఆమె మాటే దొంగిలించాను, దొంగసొమ్ము చేతికందలేదు.

ఇంకొకటి అర్థం కావడం లేదు. డిస్క్ పాడైందని చెప్పిన రోజు నుంచి ఓంకార్ కాస్త నిశ్చింతగా నిద్రపోతున్నాడు. బాధ లోపల పెట్టుకుని పైకి అలా ఉన్నాడనుకుంటాను. దానికీ కుళ్ళే నాకు. చనిపోయిన మనిషి కోసం అంత బాధను దాచుకునేవాడు, నేను పోతే దాచుకుంటాడా?

జవాబు రాయకపోయినా ఫరవాలేదు. నా మీద కోపం మాత్రం ఉంచుకో. ఎవరో ఒకరికి ఉండాలి.

గీత.

బెళ్ళందూరు,
జనవరి.

జరీనా బంగారూ,

నువ్వు ఉత్తరం మానేశావు. మానేసినందుకు నిన్నేమీ అనను. జరిగింది మాత్రం నీకు చెప్పాలి.

అనపకాయల కాలం కదా, పోయిన ఆదివారం పొద్దున నేనూ చిన్మయీ నానబెట్టిన గింజలు పితుకుతూ కూర్చున్నాం. ఓంకార్ బండి సర్వీసుకు ఇవ్వడానికి వెళ్ళాడు. పిల్ల పప్పు ఒక గిన్నెలో, తొక్క ఒక గిన్నెలో వేస్తూ ఉంది. ఉన్నట్టుండి అంది.

"డిస్క్ బాగానే ఉంది పిన్నీ."

నేను గింజలు పితుకుతూనే ఉన్నాను.

"మా ఫ్రెండ్ వాళ్ళింట్లో మ్యాక్ ఉంది. ఊరికే తగిలించి చూద్దామని తీసుకెళ్ళా. పెట్టగానే ఓపెన్ అయింది."

"చూశావా?"

"లేదు. పేర్లు చూసి మూసేశా." ఇంకో గింజ పితికి, "నువ్వు చూసినావు కదా" అంది. అది ప్రశ్న కాదు.

"చూశాను."

"మరి ఎందుకు పాడైందన్నావు?"

నా దగ్గర జవాబులున్నాయి జరీనా. నువ్వు ఏడుస్తావని, పరీక్షలు దగ్గర పడ్డాయని, నాన్న తట్టుకోలేడని. అన్నీ నాలుక చివరికి వచ్చాయి. పై పెదవి ముడుచుకుని నన్నే చూస్తోంది పిల్ల. ఆ పెదవి ముందు ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

"ఓర్వలేక" అన్నాను. "మీ నాన్న అందులో నవ్వినట్టు నా దగ్గర ఎప్పుడూ నవ్వలేదు. అది చూసి ఓర్వలేకపోయాను. మీరిద్దరూ చూస్తే నేను ఈ ఇంట్లో ఏమవుతానా అనిపించింది."

చిన్మయి లేచింది. కాలు తగిలి పప్పు గిన్నె బోర్లాపడింది, ఆగలేదు. "అది మా అమ్మ" అంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను నేల మీది పప్పు ఏరుతూ కూర్చున్నాను.

ఓంకార్ రాగానే, పిల్ల చెప్పకముందే నేనే చెప్పాను. హెల్మెట్ చేతిలోనే ఉంది అతనికి. గాయకా అన్న మాట ఎక్కడ నేర్చుకున్నానో అదీ చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండని కూడా అనుకున్నాను. అతను కుర్చీలో కూర్చున్నాడు.

"అనుమానం వచ్చింది. పెద్దక్కకు ఆ మాట తెలీదు" అన్నాడు. "అయినా అడగలేదు. అడిగితే డిస్క్ బాగుందని చెప్తావేమోనని."

నాకు అర్థం కాలేదు.

"తెరుచుకోలేదని నువ్వన్నప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది గీతా. వనజను చూడలేననుకున్నావా? ఆమెను రోజూ చూస్తూనే ఉన్నా, చిన్మయి మొహంలో. నేను చూడలేనిది వాణ్ణి." బాల్కనీ వైపు చెయ్యి చూపించాడు. "అప్పటి నన్ను. వాడికి ఏమీ తెలీదు, రేపు ఏం రాబోతోందో. ఎంత ధీమాగా పాడుతున్నాడో. వాడంటే నాకు ఎంత కుళ్ళో నీకు తెలీదు."

ఇన్ని రోజులు నేను ఏ నవ్వు మీద ఏడ్చానో అతనూ ఆ నవ్వు మీదే ఏడుస్తున్నాడు. అతను హెల్మెట్ కింద పెట్టి అన్నాడు. "నాకు చెప్పిన అబద్ధం సరే. పిల్లకు చెప్పకుండా ఉండాల్సింది." అంతే. ఆ మాట గట్టిగా అనలేదు, కానీ ఇప్పటికీ తగులుతోంది.

మధ్యాహ్నం అన్నానికి చిన్మయి రాలేదు. సాయంత్రం ఎండ వాలుతుండగా డిస్క్ పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. మొహం ఉబ్బి ఉంది.

"హాస్పిటల్‌ది ఉందా ఇందులో?"

"ఒకటుంది."

"అది ఏదో నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఫ్రెండ్ వాళ్ళింట్లో దానికే భయపడి మూసేశా. ఏది నొక్కితే అదొస్తుందో అని." డిస్క్ నా ఒళ్ళో పెట్టింది. "అది వద్దు. మిగతావి చూపించు. కోపం పోలేదు నాకు."

"పోనక్కర్లేదు" అన్నాను.

నా ల్యాప్‌టాప్ తెచ్చి తగిలించాను. పిల్ల వద్దన్నదాన్ని దాటేసి, ఒక్కొక్కటే పెట్టాను. దోసెలు, పుట్టినరోజు, పళ్ళూడిన నోటితో చిన్మయి. పిల్ల నవ్వుతూ ఏడుస్తూ, తెలీకుండానే నా భుజం మీద ఒరిగింది. బాల్కనీ పాట వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడైంది. ఓంకార్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో. కుక్కలు చేరినాయని వనజ అన్నచోట అతను నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు. వచ్చి చిన్మయి పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ నవ్వు వనజదే, నాది కాదు. నీ దగ్గర దాచడం ఎందుకు, అప్పుడు కూడా లోపల చురుక్కుమంది. అది పోతుందని నేను అనుకోవడం లేదు.

అన్నీ అయ్యాక చిన్మయి మొహం కడుక్కోవడానికి లేచింది. ఓంకార్ ఖాళీ తెరను చూస్తూ అడిగాడు.

"ఇవన్నీ నువ్వు ముందే చూశావా? ఒక్కదానివే కూర్చుని?"

"ఆ. మీరు లేనప్పుడల్లా."

"ఆసుపత్రిది కూడానా?"

తలూపాను. అతను నా వైపు తిరిగాడు. "అయ్యో, గీతా" అన్నాడు.

అంతే జరీనా. ఇంకేమీ అనలేదు. కానీ ఆ అయ్యో వనజది కాదు, చిన్మయిది కాదు. పెళ్ళైనప్పటి నుంచి అతని నోట నాకోసం వచ్చిన మాటల్లో అంత లోపలి నుంచి వచ్చింది ఇంకొకటి లేదు. ఆ రోజంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

నిన్న ఆఫీసు నుంచి వస్తూ కొత్త డిస్క్ కొన్నాను. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ నా లినక్స్‌లోనూ, ఎక్కడ పెట్టినా తెరుచుకునేలా సిద్ధం చేసి, అన్నీ అందులోకి ఎక్కిస్తున్నాను. ఆసుపత్రిది కూడా. ఎప్పుడో పెద్దయ్యాక అడుగుతుంది. చిన్మయి పక్కనే కూర్చుని ఇంకా ఎంతసేపు అని సతాయిస్తోంది. నాతో ఇప్పుడు మాట్లాడుతోంది, అవసరమైనంత వరకే.

నీకు వీలైతే ఒక్క ముక్క రాయి.

నీ గీత.