టెంకాయ నిలబడిన చోటు

1955 మే, శుక్రవారం రాత్రి. కోడుమూరు.

పెరట్లో బావి తవ్వకం ఈ రోజు ఆపించాను. భూమిలో నీళ్ల జాడ చూసే తిమ్మప్ప అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిస్తే, అది గోడవారన, ఎండల్లోనూ గరిక పచ్చగా ఉండే చోట లేచి నిలబడింది. అక్కడే పసుపు కుంకుమ పెట్టి మొక్కుకున్నాం. నడుంలోతు తవ్వేసరికి గడ్డపార కడప బండకు తగిలింది. బండ జరపగానే ఒకటే కంపు.

"పాతకాలం పాయిఖానా గుంత సామీ! ఇల్లమ్మినోళ్లు చెప్పల్యా?" అన్నాడు తిమ్మప్ప.

చెబితే కొనేవాణ్ణా?

నా భయం అది కాదు. గోడకవతలే పక్కింటి హుసేనమ్మ బావి. ఈ కుళ్లు అందులోకి ఊరుతుంటే? వీధిలో అన్ని బావులూ ఎండినా అదొక్కటే ఎండలేదు. ఆమె మంచి మనసుకే ఆ ఊట అంటుంది మా ఆవిడ. వీధంతా ఆ నీళ్లే తాగుతోంది. మా చిన్నమ్మాయికి వారంగా విరేచనాలు. పచ్చి మామిడికాయలు తిన్నావని దాన్నే తిట్టాను.

బండ మళ్లీ కప్పించి మట్టి పోయించాను. ఎవరికీ చెప్పొద్దని తిమ్మప్పతో అన్నాను. చెబితే ఆ బావి మూసేస్తారు. అప్పుడు వీధి ఏం తాగాలి? చెప్పకపోతే...

సాయంత్రం హుసేనమ్మ ఎప్పటిలాగే గోడ మీదుగా బిందె అందించింది. "నీ బాయిలో నీళ్లు పడేదాంక ఈటినే తాగప్పా, శానా ఉండాయి" అంది. అందుకుని వంటింట్లో పెట్టాను.

చిన్నది నిద్రలో నీళ్లడుగుతోంది. లేచి పొయ్యి వెలిగిస్తే, ఈ వేళప్పుడు నీళ్లు ఎందుకు కాస్తాండారని మా ఆవిడ అడుగుతుంది.