గాజులోహం మరియు ఒక్కరి వంట విషయమై

నాంపల్లి,
ఆదివారం సాయంత్రం.

పూజ్యురాలైన అక్క రాజవ్వకు తమ్ముడు సత్తయ్య నమస్కరించి విన్నవించుకొనునది.

ఇంటికి రాసే ఉత్తరానికి ఒక పద్ధతి ఉంది. ముందు క్షేమసమాచారం, తర్వాత వాన, ఆ పిమ్మట ఉద్యోగం, భోజనం రావాలి. ఒంటరితనం చిట్టచివర, కాగితంలో చోటు మిగిలితేనే రావాలి. కోరికలు దాని వెనుక నిలబడాలి. కనుక నువ్వు జగిత్యాల వదిలి ఇక్కడ నా దగ్గరికి వచ్చి ఉండాలన్న కోరికను ఈ స్థానంలో రాయడానికి వీల్లేదు. రాయలేదనే భావించగలవు.

నేను క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నూనె రాస్తున్నావా? ఫోనులో నీకు నా మాట వినబడదు, నాకు నీ "ఆఁ?" ఒక్కటే వినబడుతుంది. కనుక జవాబు రాసి పంపు. వాన ఇక్కడ జనం ఇళ్ళకు బయలుదేరే వేళ చూసుకుని కురుస్తోంది.

ఉద్యోగం బాగానే ఉంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చేసే వర్క్‌షాపు. మన దగ్గర మోటార్లకు తీగ చుట్టినప్పుడు చూసిన ఇనుప రేకులు ఇక్కడ వాడరు. గాజులోహం అనేదాని రిబ్బనును చుట్టి కోర్, అంటే తీగచుట్ల నడిమి దిమ్మ, చేస్తారు. పేరే గాజు, చూడటానికి వెండి రిబ్బనులా ఉంటుంది. కరిగిన లోహాన్ని రెప్పపాటులో చల్లార్చేస్తారట. మామూలు లోహంలో పరమాణువులు ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా వరుసలు కడతాయి. ఇందులో వాటికి ఆ వ్యవధి ఇవ్వరు. అబిడ్స్ చౌరస్తాలో జనం రోడ్డు దాటుతుండగా ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుపోతే ఎలా ఉంటుందో అలా ఉండిపోతాయి. వరుసలు లేవు కనుక ఒకదాని మీద ఒకటి జారవు. అందుకే ఈ రిబ్బను వెంట్రుక కన్నా పలచనైనా చేత్తో చిరగదు, కత్తెర పదును తినేస్తుంది. వరుసల గుంపుల మధ్య ఉండే గోడలూ లేవు కనుక అయస్కాంత శక్తి ఇట్టే వస్తుంది, ఇట్టే పోతుంది. దీన్ని అయస్కాంతపు మెత్తదనం అంటారు. ఇంత గట్టిదనమూ ఇంత మెత్తదనమూ ఒక్కచోట ఉండటం మన ఇంట్లో నీలో తప్ప నేను చూడలేదు.

అయితే ఆ మెత్తదనం పూర్తిగా రావాలంటే కోర్‌ను బట్టీలో వేడి చేయాలి. ఆ తర్వాత అది పెళుసెక్కుతుంది. ఈ సంగతి తెలియక మొదటి వారంలో, పాత అలవాటు కొద్దీ, కోర్‌ను చెక్క సుత్తితో కొట్టి కూర్చోబెట్టబోయాను. అంచు పొరలుపొరలుగా రాలింది. మా ఫోర్‌మన్ నర్సింగ్ వచ్చాడు.

"ఏంది సత్తయ్యన్నా, డోలు కొడుతున్నవా? గది పాపడ్ లెక్క. జర ఒత్తిడి పడ్డా ఖరాబైతది. దాన్ని ఎంత ఇడిసిపెడితే అంత మంచిగుంటది."

కనుక బిగించిన కోర్‌ను ముట్టరాదు, కదపరాదు, దాని మానాన దాన్ని ఉండనివ్వాలి అన్నది ఇక్కడి నియమం. ఇది కోర్‌కు మాత్రమే ఉద్దేశించినది. పొరపాటున నాకు కూడా వర్తింపజేశారు. నేను మాట్లాడే తీరు చూసి పెద్దమనిషి అనుకుని, టీ వేళ నా బల్ల మీద ఎవరూ కూర్చోరు.

తయారైన ట్రాన్స్‌ఫార్మర్‌కు నేను చేసే పరీక్ష ఏమిటంటే, రెండో వైపు ఏమీ తగిలించకుండా కరెంటు ఇచ్చి మీటరు చూడటం.

"అవతల ఎవ్వరు లేకున్నా గిది కరెంటు తింటనే ఉంటది అన్నా," అన్నాడు నర్సింగ్. "పాత రేకు మస్తు తింటుండె. గిది జర తక్కువ."

సాయంత్రం గదికి వెళ్ళి లైటు వేసుకున్నాక ఇదే పరీక్ష నా మీద కొనసాగుతుంది. మీటరు లేనందున నష్టం ఎంతో తెలియజేయలేను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల ధరలు అడుగుతాను. వాళ్ళు చెబుతారు. సెలవురోజు సంభాషణ దానితో ముగుస్తుంది. మొన్న మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాను. చాలా బాగుంది. ఆ మాట చెప్పడానికి పక్కకు తిరిగాను. అక్కడ స్తంభం ఉంది.

భోజనానికి లోటు లేదు. పైగా ఎక్కువవుతోంది. నువ్వు నేర్పిన గ్లాసు కొలత ఇద్దరిది. సగం గ్లాసు పోయడం నాకు చేతకాదు. మిగిలింది మర్నాడు డబ్బాలో తెచ్చుకుంటాను. నర్సింగ్ అది కనిపెట్టాడు.

"రోజు సద్దన్నమేనా? నీకెవ్వరు లేరా అన్నా?"

ఒక అక్క ఉందని, చెవులు సరిగ్గా వినబడవు కనుక పట్నం రానని రాసిందని చెప్పాను.

"గంతేనా? గీ ట్రాన్స్‌ఫార్మర్లు గుయ్యిమంటుంటే మాకెవ్వలకు ఇనబడ్తదే? పొద్దుగాల్నుంచి అందరం ఒర్లుడే. అక్కను గీడికే తోల్కరా, ఒక్క మాట ఇడువకుండ అన్నీ ఇంటది," అని నా బల్ల మీదే కూర్చుని నా డబ్బాలోంచి ఒక ముద్ద తిన్నాడు.

ఇనుముతో చేసిన గాజులోహం కరెంటు పారేటప్పుడు కొంచెం గట్టిగానే గుయ్యిమంటుంది. అది దాని లోపమని నేను ఇంతకాలం పొరబడ్డాను. నీ అభ్యంతరం ఇందుమూలంగా కొట్టివేయడమైనది. మామిడి తొక్కు పోస్టులో పంపవద్దు, సీసా కారుతుంది. నువ్వే పట్టుకుని రా. పక్కింటి గంగవ్వత్తకు నా దండాలు చెప్పు. నీ దీవెన కూడా కాగితం మీద వద్దు, వచ్చి నెత్తిన చెయ్యి పెట్టు.

ఇట్లు,
నీ తమ్ముడు
సత్తయ్య

నిబంధన: ఈ గదిలో ఒక్కరికి అన్నం వండటం నేటి నుంచి నిషేధం. ఇద్దరికి వండి ఒక్కరే తినడం కూడా ఇదే నేరం కిందికి వస్తుంది. రెండో మనిషి వచ్చేదాకా పొయ్యి వెలగదు. ఇది తుది నిర్ణయం. దీనిపై అప్పీలు చేసుకోదలచినవారు స్వయంగా వచ్చి, ఎదురుగా కూర్చుని, కడుపునిండా తిన్న తర్వాతే చేసుకోవాలి.