బ్లారాగ్ పెట్టిన పరీక్ష

ఎఫ్ఫీ అక్కకి,

ఆ ఎడింబరో పండితుణ్ణి పడవెక్కించి తరిమేస్తానని పోయిన ఉత్తరంలో రాశాను. అది గ్లాస్గోలో ఎవరికీ చూపించకు. ఇలాంటి పండితులు మన గేలిక్ భాషను పెట్టెలో పెట్టుకుపోయే దొంగలని కరపత్రాల్లో చదివిందే ఆయనకి అంటగట్టాను.

ఆయన మన నాయనమ్మను పాలు పితికే పాట పాడమన్నాడు. దీవిలో ఆ పాట ఇప్పుడామెకే వచ్చు. కుర్చీలో కూర్చోబెడితే రెండో చరణం గుర్తు రాలేదు. "ఆవు లేకుండా పాటేమిటయ్యా? పొదుగు పడితే అదే వస్తుంది" అంది. పన్నెండు రోజులు ఆయన కొట్టంలో కూర్చుని పాటంతా రాసుకున్నాడు. "రాసుకుంటే వచ్చినట్టు కాదు పండితుడా, మా బ్లారాగ్ పాలు చేపితే వచ్చినట్టు" అని నాయనమ్మ బాల్చీ చేతికిచ్చింది. ఆయన పాడాడు. ఆవు చేపింది. నాయనమ్మ కళ్లు తుడుచుకుంది.

తర్వాత నన్ను కూర్చోమంది. భాష కోసం ప్రాణమిస్తానని ఊరేగే నేను మొదటి చరణంలోనే ఆగిపోయాను. బ్లారాగ్ బాల్చీ తన్నేసింది.

"ప్రాణం తర్వాత ఇద్దువుగాని, ముందు పాట నేర్చుకోరా" అంది నాయనమ్మ.

పండితుడు శుక్రవారం వెళ్లిపోతాడు. ఇక పాట నా దగ్గరుండాలి. కొన్నాళ్లు కరపత్రాలు పంపకు, తీరిక లేదు. ఇవాళ రెండో చరణం దాటాను. బ్లారాగ్ ఇంకా చేపలేదుగాని, తన్నడం మానేసింది.

నీ తమ్ముడు