కత్తి కింద గురక

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది.

జైలు నుంచి వచ్చి కంకిపాడులో సెలూన్ పెట్టినప్పుడు నా కత్తికి మెడ అప్పగించడానికి ఎవరూ రాలేదు. మీరే వచ్చి కుర్చీలో వాలి, "గడ్డం గియ్యవయ్యా" అని కళ్ళు మూసుకుని గురక పెట్టారు. అది చూశాకే బయట నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చారు. ఈ సెలూన్ ఇంకా నడుస్తోందంటే మీ గురక చలవే.

మొన్న జైలు నుంచి విడుదలైన శ్రీనును పనిలో పెట్టుకున్నాను. వాడి కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఇవాళ జనం నిండుగా ఉండగా నేనే కూర్చున్నాను.

"చెయ్యి వణుకుతోందన్నా" అన్నాడు.

"ఏం కాదు, కానియ్యిరా" అన్నాను.

కత్తి గొంతు మీదికొచ్చాక తెలిసింది, అక్కడ ఎవరికీ నిద్ర పట్టదని. ఆ రోజు మీకూ పట్టి ఉండదు.

నేనూ గురక పెట్టాను, మాస్టారూ.