ఆకుపచ్చ రుమాలు

అక్కా,

నువ్వు కుట్టి పంపిన రుమాళ్ళు రెండూ అందాయి. కొలత సరిపోయిందా అని అడిగావు. సరిపోయింది. మైదానం ఆ చివర నుంచి కూడా బాగా కనిపిస్తాయి.

వాటిని వాడిన మొదటి రోజే బళ్ళో ప్రమాదం జరిగింది. వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే రాస్తున్నాను.

నీళ్ళ రాకెట్టు గురించి ఫోనులో చెప్పాను కదా. ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో మూడోవంతు నీళ్ళు పోస్తాం. సైకిల్ ట్యూబు వాల్వు గుచ్చిన రబ్బరు బిరడాను మూతికి బిగించి, సీసాను తలకిందులుగా స్టాండులో నిలబెడతాం. వాల్వుకి పొడుగు గొట్టం తగిలించి, దూరం నుంచి సైకిల్ పంపుతో గాలి కొడతాం. గాలి నిండాక బిరడా ఊడుతుంది, నీళ్ళు కిందికి చిమ్మి సీసా పైకి లేస్తుంది. పంపు పక్కన సుద్దతో గీత గీశాను. ఎర్ర రుమాలు పైకెత్తి ఉంటే ఎవరూ గీత దాటకూడదు. ఆకుపచ్చది లేచాకే, సీసా ఎవరిదో వాళ్ళు వెళ్ళి తెచ్చుకోవాలి.

మొదటి ఐదూ బాగా ఎగిరాయి. ఒకటి సంగీతం మాస్టారి కిటికీకి తగిలింది. ఆయన బయటికి వచ్చి, "తర్వాత నన్నే ఎగరేస్తారా ఏంటమ్మా?" అన్నారు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆరోది పిచ్చుకది. నాలుగో తరగతిలో అందరికంటే చిన్నగా ఉంటుంది, నోరు ఊరుకోదు, అందుకని ఆ పేరు. సీసాకి అట్టముక్కలతో రెక్కలు అతికించి, కళ్ళూ ముక్కూ గీసుకొచ్చింది. పాతికసార్లు గాలి కొట్టినా అది లేవలేదు. బిరడా మరీ బిగుసుకుంది. ఆ పిల్ల గీత దాటి వెళ్ళి దాని మీదికి వంగింది. అప్పుడు ఊడింది. సీసా ఎడమ కంటికి తగిలింది.

ఆపరేషన్ అయింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తోంది, అక్షరాలు తెలియడం లేదు. ఇంతకంటే మెరుగవ్వదని డాక్టరు చెప్పారు. సంకేతం ఇవ్వకముందే విద్యార్థిని గీత దాటిందని నేను రిపోర్టు రాసిచ్చాను. నా మీద చర్య ఏమీ లేదు. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను.

నీ చిట్టి

*

అక్కా,

"నీ తప్పేముందే, పిల్లలన్నాక చెప్పిన మాట వింటారా?" అని రాశావు. రెండు నెలలుగా ఎదురుపడిన ప్రతివాళ్ళూ ఇదే అంటున్నారు. నువ్వూ అన్నాక ఇక రాయక తప్పదు.

ఆకుపచ్చ రుమాలు లేచింది.

ఎర్రది నా ఎడమ చేతిలో, ఆకుపచ్చది కుడి చేతిలో ఉన్నాయి. సీసా కదలకపోయేసరికి పంపు ఆపమన్నాను. గొట్టం లాగేసి గాలి వదిలేయాలా, ఇంకో రెండు దెబ్బలు కొట్టించాలా అని ఆలోచిస్తూ ఎర్ర చెయ్యి దించాను. ఎండగా ఉంది. చెమట కంట్లోకి కారుతుంటే కుడి చేత్తో నుదురు తుడుచుకున్నాను. ఆ చేతిలో ఏముందో చూసుకోలేదు. తుడుచుకుని చెయ్యి దించేసరికి పిల్ల సీసా దగ్గర ఉంది. ముప్పై ఒక్కమందిలో నన్ను కన్నార్పకుండా చూస్తున్నది అదొక్కతే, సీసా దానిది కాబట్టి. మిగతావాళ్ళు సీసా వైపు చూస్తున్నారు.

రిపోర్టు రాసేటప్పుడు ఇదంతా నాకు గుర్తుంది. మర్చిపోయి రాయలేదు. హెడ్‌మాస్టరు "పిల్ల సంకేతం లేకుండా వెళ్ళిందా?" అని అడిగారు. అవునన్నాను. ఒక్క మాట. తర్వాత కాగితం మీద పెట్టడం సులువే అయింది.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పిచ్చుక నన్ను అడిగింది. "టీచర్, నాకు పచ్చది లేచినట్టు కనిపించింది. లేవలేదంట కదా?" వాళ్ళ నాన్న మంచం పక్కనే ఉన్నాడు. సిటీ బస్సు డ్రైవరు. "పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క సిగ్నల్ దాటలేదు టీచరుగారూ నేను. నా కడుపున పుట్టి ఇదిలా చేసింది. మీరేం మనసులో పెట్టుకోకండి," అని నాకే చేతులు జోడించాడు. నేను పర్లేదన్నాను. ఇంటికి వచ్చి ఇస్త్రీ బట్టలు లెక్క చూసి బీరువాలో పెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నిన్న మార్కెట్లో వాళ్ళమ్మ కనిపించింది. పిల్ల మళ్ళీ బడికి వస్తోంది, కానీ మాట తగ్గింది. "రోడ్డు దాటాలంటే చంపుకు తింటోందండీ. పచ్చ లైటు పడ్డా కదలదు. 'అమ్మా, అది పచ్చేనా? నిజంగా పచ్చేనా?' అని మూడుసార్లు అడుగుతుంది. రెండో కన్ను కూడా పోతుందేమోనని మాకు భయం. డాక్టరేమో ఆ కన్ను భేషుగ్గా ఉందంటాడు," అంది.

ఆ రోజు ఆ కన్ను చూసింది నిజమేనని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకో పని రాదు. అదీ తెలుసు. ఏం చెయ్యాలో రాయి.

నీ చిట్టి

*

అక్కా,

నీ ఉత్తరంలో ఒక్క లైనే ఉంది. "మరి ఆ పిల్ల కంటిని నమ్మేదెవరే?" చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని బడికి వెళ్ళాను.

హెడ్‌మాస్టరుకి రెండో రిపోర్టు ఇచ్చాను. చదివి కళ్ళజోడు తీశారు. "ఇప్పుడెవరడిగారమ్మా నిన్ను? అంతా సద్దుమణిగింది కదా." అందుకే ఇస్తున్నానని చెప్పాను. విచారణ ముగిసేదాకా రావద్దన్నారు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దినవీ దిద్దనివీ విడివిడిగా కట్టి, బల్ల మీద పెట్టి వచ్చేశాను.

సాయంత్రం బడి వదిలాక పిచ్చుక ఇంటికి వెళ్ళాను. నాలుగు రోడ్ల కూడలి పక్కన, రెండో అంతస్తు. వాళ్ళ నాన్న డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు, యూనిఫాం మార్చుకోలేదు. నిలబడే చెప్పాను. ఆయన బస్సు ప్రమాదం గురించి ఆరా తీసినట్టే అడిగాడు.

"మీ చేతిలో ఉన్నది పచ్చదేనా?"

"అవునండీ."

"పైకి లేచిందా?"

"నుదురు దాకా."

"అయితే ఇది సిగ్నల్ చూసే వెళ్ళింది."

"చూసే వెళ్ళింది. తప్పు నాది. అబద్ధం కూడా నాదే."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "రెండు నెలలు తిట్టానండీ దీన్ని. అన్నం ముందు కూర్చోబెట్టి మరీ తిట్టాను," అన్నాడు. గొంతు పెంచలేదు. వాళ్ళమ్మ వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, అనాల్సిన పనీ లేదు.

పిచ్చుక నా ముఖం చూడలేదు. వాళ్ళ నాన్న మోకాలు పట్టుకుని ఊపింది. "చెప్పానా నాన్నా! లేచిందని చెప్పానా! నువ్వే కళ్ళు నెత్తికెక్కాయా అన్నావు!"

ఆయన దాని తల మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా, "ఇక మీరు వెళ్ళండి," అన్నాడు. క్షమించమని అడగడానికి నోట్లో మాట ఉంది. అది వాళ్ళ మీద ఇంకో బరువు పెట్టడమే అనిపించి అడగలేదు.

మెట్లు దిగి కూడలి దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. జనం దాటుతున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ దాటుతున్నారు. ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోలేదు కాబట్టి నాకు తొందరేం లేదు.

పైన కిటికీలోంచి అరుపు వినిపించింది.

"టీచర్! పచ్చ పడింది! దాటండి!"

ఒక్కసారే అంది. పక్కనవాళ్ళెవరినీ అడగలేదు. నేను లైటు వైపు చూడలేదక్కా. దాటేశాను. అవతలి ఫుట్‌పాత్ ఎక్కాక కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. సంచిలో ఆకుపచ్చ రుమాలుంది. దాన్ని ముట్టుకోకుండా అరచేత్తోనే తుడుచుకున్నాను.

శనివారం బస్సుకి నీ దగ్గరికి వస్తున్నాను. కుట్టుమిషను పక్కన కాస్త చోటుంచు.

నీ చిట్టి